వై బ్యాలెన్స్ కిట్: బడి ఆటగాళ్ల నిలకడను కొలవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఒంటికాలిపై నిలబడిన ఆటగాడు రెండో కాలిని ఎంత దూరం చాచి మళ్లీ వెనక్కి తెచ్చుకోగలడో సెంటీమీటర్లలో చూపించే పరికరం వై బ్యాలెన్స్ టెస్ట్ కిట్. కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్ ఆడే బడి పిల్లలకు శిక్షణ ఇచ్చే మా వంటి వ్యాయామోపాధ్యాయులు దీన్ని కొనవచ్చునా అన్నదానికి నా అభిప్రాయం ముందే చెబుతాను. నిలకడను కొలవడానికి ఇది నమ్మదగిన పనిముట్టు. అయితే అది ఇచ్చే అంకెను ఆ పిల్లవాడి పాత అంకెల పక్కన పెట్టి, ఈలోగా పెరిగిన అతని కాలి పొడవును కూడా లెక్కలోకి తీసుకుని చదవాలి. అంత ఓపిక లేకపోతే పెట్టిన ఖర్చు వృథా. ఇక చురుకుదనాన్ని ఈ కిట్ అసలు కొలవదు, దానికి వేరే ఏర్పాటు చేసుకోవలసిందే.

కిట్ నిర్మాణం సులభంగా ఉంటుంది. మధ్యలో పాదం మోపే చిన్న పీట, దాని నుంచి ముందుకు ఒకటి, వెనక్కి ఏటవాలుగా రెండు గొట్టాలు, ఒక్కో గొట్టం మీద జరిగే దిమ్మ ఉంటాయి. ముందు గొట్టానికీ వెనుక గొట్టాల్లో ఒక్కొక్కదానికీ మధ్య 135 డిగ్రీల కోణం, వెనుక రెండింటి మధ్య 90 డిగ్రీల కోణం ఉంటుంది. గొట్టాలపై అర సెంటీమీటరుకు ఒక గీత చొప్పున కొలతలు ఉంటాయి. పిల్లవాడు బూట్లు విప్పి, పీట మీద ఒక పాదంతో నిలబడి, రెండో కాలి వేళ్లతో దిమ్మను వీలైనంత దూరం నెట్టి, తూలకుండా మొదటి స్థితికి రావాలి. దిమ్మను తన్నేసినా, దాని మీద కాలు ఆనించి ఆసరా తీసుకున్నా, కాలు నేలను తాకినా ఆ ప్రయత్నం చెల్లదు.

దీనికి ముందు వాడుకలో ఉన్న స్టార్ ఎక్స్‌కర్షన్ పరీక్షలో నేల మీద టేపు అంటించి ఎనిమిది దిక్కులకు కాలు చాపించేవారు. వేలికొన నేలను తాకీ తాకనట్టు తాకిన చోటును పరీక్షించేవారు కంటితో పట్టుకోవలసి వచ్చేది. ఈ కిట్‌లో దిక్కులను మూడింటికి తగ్గించారు. నెట్టిన దిమ్మ నెట్టిన చోటే ఆగిపోతుంది కాబట్టి తొందర లేకుండా కొలత చదువుకోవచ్చు. 2009లో ఈ పరికరంపై వెలువడిన అధ్యయనంలో ఇద్దరు వేర్వేరు పరీక్షకుల కొలతల మధ్య పొందిక 0.99కి తగ్గలేదు, సంపూర్ణమైన పొందిక 1.00. అది కళాశాల ఫుట్‌బాల్ ఆటగాళ్లపై జరిగిన చిన్న అధ్యయనమన్న సంగతి గుర్తుంచుకున్నా, ఉపాధ్యాయులు బదిలీపై వచ్చిపోయే ప్రభుత్వ బడిలో ఈ గుణానికి నేను చాలా విలువ ఇస్తాను. ఈ ఏడాది నేను రాసిన అంకెను పైయేడు మరొకరు నమ్మి వాడుకోవచ్చు.

అసలు భారం సమయం దగ్గర వస్తుంది. కాలు చాపడంలోని కిటుకు మొదటి కొన్ని ప్రయత్నాల్లో అలవడుతుంది కాబట్టి, కొలతకు ముందు ప్రతి దిక్కుకు ఆరుసార్లు సాధన చేయించాలన్నది నియమం. మూడు దిక్కులు, రెండు కాళ్లు కలిపితే 36 సాధనలు, ఆపై ఒక్కో దిక్కుకు మూడేసి చొప్పున 18 కొలతలు. ఒక్క పిల్లవాడికే 54 సార్లు కాలు చాపించాలంటే ఒక పీరియడ్‌లో కబడ్డీ జట్టు మొత్తాన్ని పరీక్షించడం జరగని పని. మా దగ్గర కుదిరిన పద్ధతి ఇది: వరండా నేలపై సుద్దతో అవే కోణాలు గీసి ఉంచితే, వరుసలో వేచి ఉన్న పిల్లలు అక్కడ సాధన ముగించుకుని కిట్ దగ్గరికి వస్తారు. సాధనను ఎగ్గొట్టి నేరుగా కొలిస్తే మాత్రం రెండోసారి కొలిచినప్పుడు కనిపించే మెరుగుదల శిక్షణ వల్ల వచ్చిందో అలవాటు వల్ల వచ్చిందో తెలియదు.

ఈ పరీక్ష మన ఆటలకు ఎంత దగ్గరగా ఉందో కబడ్డీ కోర్టు దగ్గర నిలబడి చూస్తే అర్థమవుతుంది. బోనస్ పాయింటుకు వెళ్లిన రైడర్ ఒక పాదాన్ని బోనస్ లైను దాటించి నేలపై ఉంచి, రెండో పాదాన్ని గాలిలో నిలపాలి. టో టచ్ చేసేటప్పుడు కూడా దేహభారమంతా వెనుక కాలిపై ఆపుకుంటూ ముందు కాలిని చాచాలి. బ్యాడ్మింటన్‌లో నెట్ దగ్గరి షటిల్ కోసం పొడవైన అడుగు వేసి, వెంటనే కోర్టు మధ్యకు తిరిగి రావడంలోనూ కావలసింది ఇదే పట్టు. కిట్‌లోని ముందు దిక్కు కొలతకు అందువల్ల మైదానంలో నేరుగా అర్థం ఉంది. ఆ దిక్కులో తక్కువ దూరం వచ్చినంత మాత్రాన నిలకడ లేదని తేల్చేయకూడదు. పిక్క కండరం బిగుసుకుని, చీలమండ సరిగా వంగకపోయినా ముందుకు చాచే దూరం తగ్గుతుంది. అటువంటి పిల్లవాడిని గోడకు ఎదురుగా పాదం ఉంచి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకమంటే కారణం ఏమిటో చాలావరకు బయటపడుతుంది.

అంకెలను చదివే పద్ధతి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ కిట్‌కు విలువ వచ్చేదీ పోయేదీ ఇక్కడే. పొడుగు కాళ్ల పిల్లవాడు సహజంగానే ఎక్కువ దూరం చాపుతాడు. అందుకని తుంటి ఎముక ముందు మొన నుంచి చీలమండ లోపలి ఎముక చివరి వరకు టేపుతో కాలి పొడవు కొలిచి, మూడు దిక్కుల దూరాల మొత్తాన్ని కాలి పొడవుకు మూడు రెట్లతో భాగించి, శాతంగా రాస్తారు. ఒక ఉదాహరణ చూద్దాం. కాలి పొడవు 78 సెంటీమీటర్లు ఉన్న బాలుడు ముందుకు 52, వెనుక రెండు దిక్కులకు 85, 81 చాపితే మొత్తం 218 అవుతుంది. దాన్ని 234తో భాగిస్తే 93.2 శాతం. కొన్ని నెలల్లో అతని కాలు 82 సెంటీమీటర్లకు పెరిగి, చాచే దూరాలు మాత్రం మారకపోతే అదే 218ని 246తో భాగించాలి, శాతం 88.6కు పడిపోతుంది. పిల్లవాడు చేయగలిగిన పని ఏమీ తగ్గలేదు, అయినా కాగితం మీద దిగజారినట్టు కనిపిస్తాడు.

ఎత్తు అతి వేగంగా పెరిగే దశ బాలికల్లో సుమారు 12 ఏళ్లకు, బాలుర్లో సుమారు 14 ఏళ్లకు వస్తుంది. మన బడి జట్ల ఎంపికలు జరిగేది సరిగ్గా ఆ వయసుల్లోనే. ఎముకలు సాగినంత వేగంగా కండరాల పట్టు, కదలికల అదుపు సర్దుకోని ఆ నెలల్లో నిన్నటిదాకా చక్కగా ఆడిన పిల్ల అడుగులు తడబడడం మనం చూస్తూనే ఉంటాం. అప్పుడు వచ్చిన తక్కువ శాతాన్ని పట్టుకుని జట్టులోంచి తీసేయడం ఆ పిల్లకు అన్యాయం. కాలి పొడవును ప్రతిసారీ కొత్తగా కొలవకుండా పోయినసారి అంకెనే ఎక్కించడం ఇంకో పెద్ద లోపం.

ఈ పరీక్షకు ఇంత పేరు తెచ్చింది 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో 235 మంది హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను సీజన్‌కు ముందు పాత స్టార్ ఎక్స్‌కర్షన్ పద్ధతిలో ఇవే మూడు దిక్కులకు పరీక్షించారు. ముందు దిక్కులో కుడి, ఎడమ కాళ్ల మధ్య తేడా 4 సెంటీమీటర్లు దాటినవారికి కాలి గాయాలయ్యే అవకాశం రెండున్నర రెట్లు ఉన్నట్టు, మొత్తం కొలత 94 శాతానికి తక్కువగా ఉన్న బాలికల్లో అది ఆరున్నర రెట్లు ఉన్నట్టు తేలింది. ఈ రెండు అంకెలను శిలాశాసనంలా వాడేవారు చాలామంది ఉన్నారు. అవి ఒక ఆటకు, ఒక వయసుకు, ఒక ప్రాంతానికి చెందిన పిల్లల నుంచి వచ్చినవి. తర్వాత ఇతర ఆటల్లో జరిగిన అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. నేను 94 శాతాన్ని గీటురాయిగా వాడను. రెండు కాళ్ల మధ్య తేడాను మాత్రం గట్టిగా పట్టించుకుంటాను. తేడా కాలి పొడవుపై పెద్దగా ఆధారపడదు కనుక, పాత బెణుకు మానిందని పిల్లలు చెప్పినా మానలేదన్న సంగతి అందులో కనిపిస్తుంది.

చురుకుదనం విషయానికి వస్తే, ఎదుటి కదలికను చూసి, ఆ క్షణంలోనే వేగాన్నో దిశనో మార్చుకోగలగడమే దాని నిర్వచనం. టీ టెస్ట్, ఇల్లినాయ్ పరీక్ష, షటిల్ రన్ వంటి పరుగు పరీక్షల్లో దారి ముందే తెలుసు కాబట్టి అవి దిశ మార్చే నైపుణ్యాన్ని మాత్రమే కొలుస్తాయి. హకీంపేట క్రీడా పాఠశాల ప్రవేశ పరీక్షల్లోని 6×10 మీటర్ల షటిల్ రన్ కూడా ఈ కోవకే చెందుతుంది. కిట్‌తో జతగా నేను సూచించేది 505 పరీక్ష. పది మీటర్లు పరుగెత్తి గీత దాటాక, మరో ఐదు మీటర్లు వెళ్లి, వెనుదిరిగి ఆ గీతకే రావాలి. ఆ చివరి పది మీటర్ల సమయంలోంచి తిన్నని పది మీటర్ల పరుగు సమయాన్ని తీసేస్తే, మలుపు దగ్గర పోయిన సమయం మిగులుతుంది. ఇద్దరు బాలికలకు 505లో 2.80 సెకన్లే వచ్చాయనుకుందాం. తిన్నని పరుగు ఒకరికి 1.95, ఇంకొకరికి 2.15 అయితే, మొదటి బాలిక మలుపులో 0.85, రెండో బాలిక 0.65 సెకన్లు పోగొట్టుకున్నట్టు లెక్క. మొదటి బాలికకు కావలసింది ఆగి తిరగడంలో సాధన, రెండో బాలికకు వేగం.

ఇంత చిన్న తేడాలను స్టాప్‌వాచ్ పట్టుకోలేదు. చేతితో తీసిన సమయం, ఎలక్ట్రానిక్ సమయం మధ్య తేడాకు అథ్లెటిక్స్‌లో 0.24 సెకన్లు కలిపే ఆనవాయితీ ఉంది. పై ఉదాహరణలోని తేడా మొత్తం అందులోనే మునిగిపోతుంది. గీత దాటిన క్షణాన్ని దానంతటదే నమోదు చేసే ఖరీదైన టైమింగ్ గేట్లు లేని బడిలో ఫోనును గీతకు సరిగ్గా పక్కన స్టాండుపై ఉంచి, సెకనుకు 60 ఫ్రేముల వీడియో తీసి, ఫ్రేములు లెక్కపెట్టడం మంచి మార్గం. ఎదుటివారిని చూసి స్పందించడం ఎలా ఉందో తెలియాలంటే, చివరి క్షణంలో కుడికో ఎడమకో చెయ్యి చూపి పిల్లలను అటు పరుగెత్తించాలి. ఖోఖోలో పోల్ దాటేదాకా దిశ మార్చుకునే వీలులేని ఛేజర్‌ను తప్పించుకునే రన్నర్‌కు ఈ గుణమే ప్రాణం.

కిట్ కొనడంపై నా సలహా ఇది. ఖేలో ఇండియా పాఠశాల ఫిట్‌నెస్ పరీక్షల్లో 5 నుంచి 8 ఏళ్ల పిల్లలకు ఒంటికాలిపై నిలబడే ఫ్లెమింగో బ్యాలెన్స్ పరీక్ష ఉంది. 9 ఏళ్ల నుంచి 50 మీటర్లు, 600 మీటర్ల పరుగులు, సిట్ అండ్ రీచ్, కర్లప్స్, పుషప్స్ వంటివి ఉన్నాయి గానీ నిలకడకు విడిగా పరీక్ష లేదు. గాయాలు మొదలయ్యే వయసులో ఏర్పడిన ఆ ఖాళీని ఈ కిట్ పూరిస్తుంది. క్రీడా పాఠశాలలకు, అకాడమీలకు, ఫిజియోథెరపిస్టు అందుబాటులో ఉన్న జిల్లా కేంద్రాలకు దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. ఒక్క బడి కొనడం కన్నా మండలంలోని నాలుగైదు బడులు కలిసి తెచ్చుకుని, సీజన్‌కు ముందు వంతులవారీగా వాడుకోవడం మేలు. అదీ కుదరకపోతే టేపు, కోణమానిని, సుద్దముక్కతో అవే మూడు దిక్కులు గీసుకోండి. అయితే అలా వచ్చిన అంకెలను కిట్ అంకెలతో కలపకుండా విడి రిజిస్టరులో రాయండి. రెండు పద్ధతుల్లో దేనికైనా తేదీ, కాలి పొడవు, ఆరు దూరాలు, పాత గాయాల వివరం తప్పక ఉండాలి. ఎత్తు వేగంగా పెరుగుతున్న పిల్లలను మూడు నెలలకోసారి, మిగిలినవారిని సీజన్ ఆరంభంలో ఒకసారి, గాయం తర్వాత తిరిగి మైదానంలోకి వచ్చే ప్రతి పిల్లనూ రావడానికి ముందు కొలవాలి.