గూడు గట్టిదే, కోళ్లకే నచ్చలేదు

గాజువాక వైపు ఒక వెల్డింగ్ షాపులో చేయించిన ఇనుప కోళ్ల గూడు గురించి రాస్తున్నాను. షాపు పేరు అనవసరం, ఇంచుమించు ఇదే అచ్చు గూళ్లు ఊళ్లో ఇంకా కొన్ని చోట్ల చూశాను. 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు, పైన రేకు, చుట్టూ అరంగుళం కన్నాల వెల్డ్‌మెష్ (తీగలు వెల్డింగ్‌తో అతికిన గట్టి ఇనుప వల), ఒక పక్క గుడ్లు పెట్టడానికి అరలు. 14 వేలు, ట్రాలీ ఆటో కిరాయి వేరే. "పది కోళ్లకి హాయిగా సరిపోద్దండి" అన్నారు. మా దగ్గర ఉన్నవి తొమ్మిది, సగం నాటువి, సగం వనరాజా అనే బరువైన పెరటి రకం.

భద్రత సంగతికొస్తే వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. మాది మధురవాడ, వెనకాలే కంబాలకొండ అడవి, ముంగిసలు పట్టపగలే గోడ మీద తిరుగుతాయి. ఆరు పలకల కన్నాలుండే పల్చటి చికెన్ మెష్ కోడిని బయటకు రాకుండా ఆపుతుందేమోగానీ ముంగిసని లోపలికి పోకుండా ఆపలేదు, అది పళ్లతో లాగి తెంపేస్తుంది, చిన్న పాము ఎలాగూ దూరిపోతుంది. వెల్డ్‌మెష్‌తో ఆ బెంగ లేదు. అడుగున కూడా అదే వేశారు, కింద నుంచి తవ్వుకుని వచ్చినా పని జరగదు. గడియ ఒక్కటే పైకి ఎత్తితే ఊడిపోయే రకం, కుక్క మూతితో పొడిచినా తెరుచుకునేలా ఉంది, చిన్న తాళం కప్ప తగిలించాం.

ఇంత చేసి తెస్తే కోళ్లు లోపలికి పోవు. పొద్దుగూకేసరికి వనరాజాలు గుమ్మం దగ్గర నిలబడి కొక్కొక్కో అంటూ గోల, నాటువి సరాసరి జామచెట్టు మీదికి. షాపుకి ఫోన్ చేస్తే "కోళ్లే అలవాటు పడతాయండి, కంగారు పడకండి" అని పెట్టేశారు. నాలుగు రోజులు ఆగితే అలవాటు పడే విషయం కాదిది. ఆ గూడు చేసినవాళ్లు సాయంత్రం పూట కోడి ఎక్కడ నిద్రపోదామని చూస్తుందో ఒక్కసారి కూడా గమనించినట్టు లేరు.

కోడికి చీకట్లో చూపు ఆనదు. అందుకే వెలుతురు పూర్తిగా పోకముందే ఉన్నవాటిలో ఎత్తయిన చోటు చూసుకుని ఎక్కేస్తుంది. ఈ గూట్లో కూర్చోవడానికి పెట్టిన పైపు గుడ్ల అరల కంటే కిందికి ఉంది! దాంతో లోపలికి వెళ్లినవి కూడా పైపు వదిలేసి అరల్లో పడుకోవడం, తెల్లారేసరికి గుడ్ల నిండా రెట్ట. పైగా అది గుండ్రటి ఇనుప పైపు, కాలికి పట్టు దొరకదు. ఒక్కో కోడికి ఎనిమిది నుంచి పది అంగుళాల చోటు కావాలి, 4 అడుగుల పైపు మీద ఐదారు కూర్చుంటే గొప్ప. మరి పది కోళ్ల లెక్క ఎలా వేశారో వాళ్లకే తెలియాలి. మిగిలినవాటిని బలమైన పెట్ట ముక్కుతో పొడిచి కిందికి తోసేస్తుంది, ఇక అవి బయటే.

పైపు తీయించేసి రెండంగుళాల వెడల్పు చెక్క పట్టీలు రెండు, అంచులు నున్నగా చిత్రిక పట్టించి, అరల కంటే ఒక అడుగు పైన బిగించాం. రెండూ ఒకే ఎత్తులో ఉండాలి, ఒకటి పైన ఒకటి కింద పెడితే రోజూ పైదాని కోసమే కొట్లాట. వనరాజాలు బరువు, ఎగరలేవు, పైనుంచి దూకితే అరికాళ్లు దెబ్బతిని వాస్తాయి కాబట్టి వాటికి వాలుగా ఒక చెక్క నిచ్చెన. పట్టీల చివర్లు బిగించిన సందుల్లో రక్తం తాగే చిన్న ఎర్ర పురుగులు (మైట్లు) చేరతాయి, వారానికోసారి టార్చి వేసి చూడాల్సిందే.

రేకు ఇంకో తలనొప్పి. మే నెలలో పొద్దు వాలాక కూడా గూట్లో చెయ్యి పెడితే సెగ కొడుతుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే, దానికి తోడు మన సముద్రపు ఉక్క, మరి జామచెట్టు చల్లగా ఉంటే గూట్లోకి ఎందుకు వస్తుంది చెప్పండి. రేకు మీద తాటాకు పరిచి, రేకుకి కింద గాలి పోయేలా నాలుగంగుళాల సందు వదిలి జాలీ కొట్టించాక చాలా నయం.

ఇవన్నీ అయ్యాక ఒక వారం పాటు కోళ్లని బయటకు వదలకుండా గూట్లోనే మేత, నీళ్లు. ఆ తర్వాత నుంచి సాయంత్రం చోళ్లు (రాగులు), నూకలు లోపల మాత్రమే. లోపల బయటికంటే చీకటిగా ఉంటే అడుగు పెట్టవు కాబట్టి ఒక చిన్న ఛార్జింగ్ లైటు, అన్నీ పట్టీ ఎక్కాకే ఆర్పాలి, ముందే ఆర్పితే ఎక్కడివక్కడ చతికిలబడతాయి. టైమర్ పెట్టేవాళ్లు మన వైజాగ్‌లో డిసెంబరులో 5:30 లోపే పొద్దు గూకుతుందని, జూన్‌లో 6:30 దాకా వెలుతురుంటుందని గుర్తుంచుకుని మారుస్తూ ఉండాలి. ఒక మొండి నాటుపెట్ట మాత్రం జామచెట్టు వదల్లేదు. బాగా చీకటి పడ్డాక రెండు చేతులతో రెక్కలు అదిమి దింపి పట్టీ మీద కూర్చోబెట్టేవాళ్లం, ఆ వేళ కిక్కురుమనదు, పొద్దున్నైతే చేతికి చిక్కేదా! చివరికి చెట్టు కింది కొమ్మలు కొట్టేశాక దారికొచ్చింది.

తుప్పు గురించి కూడా చెప్పాలి, సముద్రపు గాలికి వెల్డింగ్ అతుకుల దగ్గర ఒక్క వానాకాలానికే మొదలైంది. ఇంటికి రాగానే రెడాక్సైడ్ కొట్టించుకోండి, షాపువాళ్ల రంగు పైపూత మాత్రమే.

ఐదుకి మూడు ఇస్తాను, ఆ మూడూ మెష్‌కే. కొనేవాళ్లు ఆర్డరిచ్చేటప్పుడే పైపు వద్దని, చెక్క పట్టీలకి క్లాంపులు అరలకంటే పైన పెట్టమని గట్టిగా చెప్పండి, మా తోడికోడలు అలాగే చెప్పి చేయించుకుంది, అదనంగా రూపాయి అడగలేదట. రంగు మాత్రం ఆకుపచ్చ ఒక్కటే ఉంది.