మా బ్రాంచిలో పెట్టిన సెలవుల సాఫ్ట్‌వేర్: ఏడు నెలలు వాడాక

రేటింగ్: 5కి 2

పదిహేనేళ్లు బ్యాంకు క్యాష్ కౌంటర్లో కూర్చున్నాను. ఇప్పుడు బ్రాంచిలో అందరి సెలవులూ చూసేది నేనే. సెలవుల రిజిస్టరు తీసేసి హెడ్డాఫీసు వాళ్లు ఈ సాఫ్ట్‌వేర్ పెట్టారు.

వాడటం తేలిక. సెలవు అడగడం, మంజూరు చేయడం ఫోన్లోనే నిమిషంలో అయిపోతుంది. ఏ రోజు ఎవరు ఉండరో క్యాలెండర్లో ముందే కనిపిస్తుంది కాబట్టి నెలాఖరు రద్దీకి కౌంటర్లు సర్దుకోగలుగుతున్నాను. రెండు స్టార్లూ దానికే.

నా బాధంతా అది ఇచ్చే స్కోరుతో. ఉన్నట్టుండి మానేసిన రోజులకు బ్రాడ్‌ఫర్డ్ లెక్క కడుతుంది. ఎన్నిసార్లు మానారో ఆ అంకెను దానితోనే హెచ్చించి, మళ్లీ మొత్తం రోజులతో హెచ్చిస్తుంది. జ్వరంతో ఒకేసారి ఆరు రోజులు మంచం పడితే స్కోరు 6. విడివిడిగా ఆరుసార్లు ఒక్కో రోజు మానితే 216. మా క్యాషియర్ ఒకామెకి వచ్చింది ఈ 216, పేరు పక్కన ఎర్ర గుర్తుతో సహా. ఆమెకి మైగ్రేన్. అది వచ్చిన రోజు లేవనివ్వదు, మర్నాటికి తగ్గిపోతుంది.

ఒక సాయంత్రం ఆమె క్యాష్ టాలీ కాలేదు. కట్టలు విప్పి మళ్లీ లెక్కపెట్టాం. వోచర్లు ఒక్కొక్కటే తిరగేశాం. తేడా దొరక్కపోతే తన చేతి డబ్బు కట్టాలి, ఆ టెన్షన్‌కి ఆమె మంచినీళ్లు కూడా ముట్టలేదు. చివరికి ఒక వోచర్లో 6 ఉన్నచోట 9 కొట్టినట్టు తేలింది. మర్నాడు పొద్దున్నే తల ఎత్తలేకపోతున్నానని ఫోన్ చేసింది. సాఫ్ట్‌వేర్లో కారణానికి ఉన్నవి మూడే గళ్లు: అనారోగ్యం, సొంత పని, ఇతరాలు. అనారోగ్యం నొక్కాను. ముందురోజు సాయంత్రం సంగతి ఎక్కడ రాయను?

బీమా టార్గెట్ల మీటింగు ఉన్న పొద్దున కడుపునొప్పి అంటూ వచ్చే మెసేజ్‌లూ అంతే. అవి అబద్ధాలని నేను అనుకోను. ఆ మీటింగుల ముందు నాకూ నిద్ర పట్టేది కాదు.

ఇక సున్నా స్కోరు మా హెడ్ క్యాషియర్‌ది. స్ట్రాంగ్‌రూమ్ రెండు తాళాల్లో ఒకటి ఆయన దగ్గరుంటుంది. రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. తాళం ఇంకొకరికి ఇవ్వాలంటే నగదంతా లెక్క చూపి సంతకాలు పెట్టాలి. ఆ తతంగానికి భయపడి 102 జ్వరంతో వచ్చారు. వేళ్లు వణికి, ఒకే కట్టను మూడుసార్లు మొదటినుంచి లెక్కపెట్టారు. సాఫ్ట్‌వేర్ ఆయన పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పెట్టింది.

అసలు బ్యాంకుల్లో సెలవే పెట్టని మనిషిని చూస్తే ఆడిటర్లకు అనుమానం రావాలి. 2008లో ఫ్రాన్స్ బ్యాంకు సొసైటీ జెనెరాల్‌లో 490 కోట్ల యూరోల నష్టం బయటపడింది. దానికి కారణమైన ట్రేడర్ అంతకుముందు ఏడాది సెలవు దాదాపు పెట్టనే లేదు. అందుకే చాలా బ్యాంకుల్లో కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లు ఏటా వరసగా కొన్ని రోజులు సెలవు తీసుకుని తీరాలి. ఆ సెలవు బాకీ ఉందని గుర్తుచేసే ఏర్పాటు ఇందులో లేదు.

కారణం రాసే ఖాళీ గడి, ముందురోజు ఇంటికెళ్లిన టైమ్, తాళం ఎవరిదో చూపే వరస. ఈ మూడూ పెట్టమని తయారీదారులకు రెండుసార్లు రాశాను. ఈలోగా నేనే ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. మా క్యాషియర్ మానేసిన ఆ ఆరు రోజుల్లో నాలుగింటికి, ముందురోజు ఆమె బ్రాంచి నుంచి బయటపడింది రాత్రి ఎనిమిది దాటాకే.