ఫ్లాట్‌లో డ్రమ్స్ సాధనకి మెష్ హెడ్స్

మా ఫ్లాట్‌లో డ్రమ్ కిట్‌కి రెమో కంపెనీ సైలెంట్‌స్ట్రోక్ మెష్ హెడ్స్, అంటే స్టిక్‌తో కొట్టే వల పొరలు, బిగించాను. మామూలు ప్లాస్టిక్ హెడ్ గాలిని బలంగా నెడుతుంది. ఈ సన్నటి వలలోంచి గాలి జారిపోతుంది, అందుకే మోత చాలా తగ్గుతుంది. పక్క గదిలో అమ్మ హాయిగా సీరియల్ చూసుకుంటోంది. స్టిక్ మాత్రం మరీ తేలిగ్గా ఎగిరొస్తుంది, కాబట్టి డబుల్ స్ట్రోక్స్ (ఒక్కో చేత్తో వరసగా రెండేసి దెబ్బలు) గట్టి రబ్బరు ప్యాడ్ మీద కూడా సాధన చేయాలి.

అసలు తలనొప్పి కిక్ పెడల్‌తోనే, అంటే పెద్ద డ్రమ్‌ని కాలితో కొట్టే పెడల్‌తో. దాని దెబ్బ గాల్లో కాదు, శ్లాబ్‌లోంచి కింది ఇంటికి దిగుతుంది. తివాచీ ఒక్కటే ఆపలేదు. మందపాటి ఫోమ్ మీద ప్లైవుడ్ పలక పరిచి, దానిపైన కిట్ పెట్టాక చాలావరకు తగ్గింది. సింబల్స్ (కిట్‌లోని లోహపు పళ్లేలు) కూడా చిల్లులున్న లో-వాల్యూమ్ రకం తీసుకోండి, లేకపోతే మెష్ వేసి లాభం లేదు. హెడ్స్ కొనేముందు ప్రతి డ్రమ్ వ్యాసం కొలవండి. స్నేర్ డ్రమ్ సాధారణంగా 14 అంగుళాలు.