కంపు ఎవరిదో తేల్చే ల్యాబ్ పరీక్షలు: ఏది పనికొస్తుంది, ఏది దండగ

అటు రసాయనాల ఫ్యాక్టరీ, ఇటు డంపింగ్ యార్డు, మధ్యలో నాలా. రాత్రి రెండు గంటలకు ముక్కు పగిలేలా వచ్చే కంపు ఎవరిది? ప్రైవేటు ల్యాబులో 'గాలి పరీక్ష' అని అడిగితే మామూలుగా అంటగట్టేది ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్ల ప్యాకేజీ. వాసన సంగతికి ఇది శుద్ధ దండగ, అయిదుకు ఒక మార్కు. కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కలిపి చేయించినా రిపోర్టులో 'బీడీఎల్' (డిటెక్షన్ లిమిట్, అంటే మిషన్ గుర్తించగల కనీస మోతాదు కంటే తక్కువ) అని వస్తే వాసన లేదని కాదు, మిషన్‌కి అందలేదని. ఘనపు మీటరుకు ఒక మైక్రోగ్రాము ఉన్నా చాలామంది ముక్కు పసిగడుతుంది. ల్యాబ్ డిటెక్షన్ లిమిట్ 5 మైక్రోగ్రాములైతే ముక్కే నయం. డబ్బు కట్టేముందు ఆ అంకె అడగండి.

నాలుగు మార్కులు ఇవ్వదగ్గది క్యానిస్టర్‌లో గాలి పట్టి జీసీ-ఎంఎస్‌లో (గాలిలోని రసాయనాలను విడదీసి ఒక్కోదాన్ని గుర్తుపట్టే మిషన్) నడిపే పరీక్ష. ఆరు లీటర్ల స్టీలు డబ్బా, లోపల శూన్యం. తెరిచేముందు శూన్యం ఎంతుందో చూపే గేజ్ చూడాలి: విశాఖలో 30 అంగుళాల (పాదరసం లెక్కలో) దగ్గర, ఎత్తు మీదున్న హైదరాబాద్‌లో 28 దగ్గర ఉండాలి. 24 చూపిస్తే లీకైనట్టే, తిప్పి పంపండి. గాలిని మెల్లగా 24 గంటల పాటు లోపలికి వదిలే ఫ్లో కంట్రోలర్ తగిలిస్తామంటే ఒప్పుకోవద్దు. కంపు వచ్చేది 20 నిమిషాలైతే అది రోజంతటి గాలిలో కలిసి 72వ వంతుకు పలచబడుతుంది. కంట్రోలర్ లేకుండా, కంపు కొడుతున్నప్పుడే వాల్వు తిప్పితే డబ్బా నిమిషంలోపే నిండుతుంది. ఆరుబయటే పట్టాలి. ఇంట్లో పడితే ఫ్లోర్ క్లీనర్‌లోని లిమొనీన్ (నిమ్మ, నారింజ తొక్కల్లోనూ ఉండే రసాయనం) చెత్త వాసనలా కనిపించి లెక్క తప్పిస్తుంది. టైము, గాలి ఎటునుంచి వీస్తోందో అక్కడే రాసిపెట్టండి.

గంధకం వాసనలకు విడిగా టెడ్లార్ అనే ప్లాస్టిక్ సంచి కావాలి, 24 గంటల్లోగా మిషన్‌కి ఎక్కాలి. శనివారం సాయంత్రం కొరియర్‌లో వేశారా, సోమవారానికి సంచిలో మిగిలేది చాలా తక్కువ. రసాయనాలను పీల్చి పట్టే పొడి నింపిన టెనాక్స్ ట్యూబు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను అసలు పట్టుకోదు. అమోనియా ఘాటుకు ఆమ్లం పోసిన ఇంపింజర్ (గాలిని ద్రవంలోంచి బుడగలుగా పంపే గాజు సీసా) వాడాలి.

అసలు కిటుకు ఇంకోటి. మీ ఇంటి దగ్గరి ఒక్క శాంపిల్‌తో దోషి దొరకడు. ఫ్యాక్టరీ గోడ పక్కన, యార్డు అంచున, నాలా మీద, గాలికి ఎదురువైపున కూడా పట్టి పోల్చాలి. టొలుయీన్ ఒక్కటే కనిపిస్తే పెట్రోలు బండ్లదీ కావచ్చు. దానికి డైక్లోరోమీథేన్ తోడైతే ఫ్యాక్టరీల్లో వాడే సాల్వెంట్ల (ద్రావకాల) వైపు చూడాలి. బ్యుటిరిక్ ఆమ్లం, లిమొనీన్ కలిసొస్తే కుళ్లే చెత్త. హైడ్రోజన్ సల్ఫైడ్, మీథైల్ మెర్కాప్టాన్ (ఇదీ గంధకపు వాయువే) జంట మురుగులోనూ చెత్తలోనూ ఉంటుంది కాబట్టి దాన్ని బట్టి ఎవరి మీదా వేలు చూపొద్దు. మనుషుల చేత వాసన చూపించే ఆల్ఫాక్టోమెట్రీ ఘాటెంతో చెబుతుంది, ఊరూ పేరూ చెప్పదు, మూడు మార్కులు.

ల్యాబ్‌కి ఫోన్ చేసేముందు వాడకం లేని బాత్రూం జాలీలో రెండు చెంబుల నీళ్లు పోసి చూడండి. జాలీ కింద నీళ్లు నిలిచి మురుగు వాసనను ఆపే ట్రాప్ ఎండిపోయి ఉంటే, అది నిండగానే కంపు ఆగితే ఖర్చు అంతటితో సరి.