మంచంల పడ్డోళ్లకు ముందు ఏది మేలు: సదరం పింఛనా, ఇంటికొచ్చే నర్సా?

పక్షవాతం వచ్చి మనిషి మంచంల పడ్డడంటే మన తెలంగాణల సుట్టాలంత చెప్పేది ఒక్కటే, సదరం (సర్కారు ఇచ్చే వైకల్యం సర్టిఫికెట్) తీస్కో పింఛన్ వస్తది అని. వస్తది, కాదంటలేను. కానీ ముందుగాల పట్టుకోవాల్సింది అది కాదు అంట నేను, మా బాపును చూసుకునుడుల తెలిసిన సంగతి ఇది.

సదరానికి మీసేవల దరఖాస్తు పెట్టించాలె, ఇచ్చిన తారీఖుకు క్యాంపుకు మనిషిని తీస్కపోవాలె, వైకల్యం కనీసం 40 శాతం ఉండాలె. లేవలేని మనిషిని ఆటోల పండవెట్టుకొని పోవుడు ఎంత కష్టమో చూసుకునేటోళ్లకే తెలుసు, మేము పోయిన కాడ వీల్‌చైర్ దొరకలే, లోపలికి పిలిచేదాక మా అమ్మ కొంగు అడ్డం పట్టి బాపు మొఖం మీద ఎండ పడకుండ నిలవడ్డది. జబ్బు వచ్చిన కొత్తల పోతే ఇంకా కోలుకుంటడేమో, కొన్ని నెలలు ఆగి రండి అంటరు. సర్టిఫికెట్ వచ్చినంక పింఛన్‌కు మళ్ల వేరే దరఖాస్తు.

మంజూరైతే మాత్రం నెలకు 4016 రూపాయలు, 2023 జులైల పెంచిన రేటు అది. ముసలోళ్ల పింఛన్ 2016, అంటే సరిగ్గ రెండు వేలు తేడా, డైపర్లకే అయిపోతయి గాని ఆ రెండు వేలు మాకు చిన్నవి కావు. ఒక మనిషికి రెండు పింఛన్లు రావు, అందుకే సదరం చేతికి రాంగనే మార్పించుకోవాలె.

ఆరోగ్యశ్రీ 10 లక్షలుంది కదా అంటరు, అది దవాఖానల అడ్మిట్ అయితేనే, ఇంటి కాడ చూసుకునే ఆయమ్మకు రూపాయి ఇయ్యరు.

ఇగ పాలియేటివ్ కేర్, అంటే పెద్ద జబ్బుతోని ఉన్నోళ్లకు నొప్పి, బాధ తగ్గించే సేవ. సర్కారు దవాఖాన టీమే బండిల ఇంటికొస్తది, ఆలన బండి అంటరు, శాతాలు సర్టిఫికెట్లు అడగరు, పైసలు తీసుకోరు. క్యాన్సర్‌కే అనుకోకుండ్రి, పక్షవాతంతో మంచంల ఉన్నోళ్లను కూడా చూస్తరు. మా ఇంటికొచ్చిన సిస్టర్ వీపు మీద పుండు కడిగి కట్టు కట్టింది, దుప్పటి నాలుగు మడతలేసి నడుం కింద పెట్టి దాంతోనే గుంజి పక్కకు ఎట్ల తిప్పాల్నో, రెండు గంటలకోసారి ఎందుకు తిప్పాల్నో అమ్మతోని చేయించి చూపెట్టింది, అప్పటిదాక ఆమె రెట్టలు పట్టి లేపి నడుం పోగొట్టుకుంటున్నది పాపం. రోజూ రారు, రాత్రి చాకిరి మనదే, అది నిజమే.

అయినా నన్నడిగితే మొదటి వారంలనే ఆశా వర్కర్‌తోని చెప్పి ఈ టీమ్‌ను పిలిపించుకోండ్రి, పుండు పడితే నెలలు ఆగదు. సదరం పని పక్కన నడిపియ్యుండ్రి, పింఛన్ దరఖాస్తు ఎక్కడన్న ఆగితే సోమవారం కలెక్టరేట్ల ప్రజావాణిల రాసిచ్చి రసీదు తీస్కోండ్రి.