పాత వ్యాగన్ ఆర్, రెండేళ్ల తర్వాత: మిగిలిన డబ్బు ఇంటికి పెట్టాం

మా అత్తయ్యకి రెండు మోకాళ్లూ అరిగాయి. అందుకే కారు ఎలా ఉందని ఎవరడిగినా ముందు ఆవిడ ఎక్కే తీరు చెప్తాను. తలుపు తీస్తే సీటు సరిగ్గా కూర్చునే ఎత్తులో ఉంటుంది. వెనక్కి తిరిగి కూర్చుని, ఒక్కో కాలూ చేత్తో పట్టుకుని లోపల పెట్టుకుంటారు. వంగక్కర్లేదు, ఎగబాకక్కర్లేదు. ఒంగోలు షోరూంలో మేం చూసిన పెద్ద బండికైతే తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "నేను బస్సులో వస్తాలే అమ్మాయ్" అన్నారు.

ఆ పెద్ద బండి ఆన్‌రోడ్ 14.5 లక్షలు. 3 లక్షలు ముందు కడితే మిగతాది 9 శాతం వడ్డీకి ఏడేళ్ల లోను, నెలకి 18,500. అంటే వడ్డీయే 4 లక్షలు. మా ఆయన దాదాపు ఒప్పేసుకున్నారు. అప్పటికి మిచాంగ్ తుఫాను వెళ్లి నెల కూడా కాలేదు. 2023 డిసెంబరు అది. సింగరాయకొండలో మా ఇంటి స్లాబు కారి, బీరువా మీద బేసిన్, మంచం మీద బకెట్ పెట్టుకుని రాత్రంతా కూర్చున్నాం.

షోరూం నుంచి వచ్చాక తడిసిన కాగితాలు ఆరబెడుతుంటే మామయ్య నోటుపుస్తకం దొరికింది. 2006లో ఈ ఇల్లు కట్టినప్పటి లెక్కలు. సిమెంట్ ఎన్ని బస్తాలు, ఇనుము ఎన్ని కిలోలు, మేస్త్రికి ఏ శనివారం ఎంత ఇచ్చారు, అన్నీ పెన్సిల్‌తో రాసుకున్నారు. చివరి పేజీలో మొత్తం వేసి కింద రెండు గీతలు గీశారు: 3,80,000. అప్పటి రూపాయి వేరు, నిజమే. అయినా ఆయన ముప్పై ఏళ్లు కష్టపడి కట్టిన ఇల్లు కారుతుంటే దాని ముందు పధ్నాలుగున్నర లక్షల బండి నిలబెట్టడానికి నాకు మనసొప్పలేదు. మా ఆయన ఆ పేజీ చాలాసేపు చూశారు. మర్నాడు షోరూంకి ఫోన్ చేసి వద్దని చెప్పారు.

2024 జనవరిలో ఈ బండి కొన్నాం. 2019 మోడల్, 1.2 లీటర్ పెట్రోల్, 46,000 కిలోమీటర్లు తిరిగింది, 3,95,000. మాకు తెలిసిన మెకానిక్‌ని తీసుకెళ్లి లిఫ్ట్ మీద పెట్టించి అడుగంతా చూపించాం. టౌన్‌లో తిరిగిన బండి కదా, క్లచ్ సగానికి పైగా అయిపోయిందన్నాడు. దాని ఖర్చు ధరలో తగ్గించుకున్నాం. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఈ పని మాత్రం మానొద్దు. ఇన్సూరెన్స్ లెక్క కూడా ఒకసారి చూడండి: కొత్త బండి విలువ ఏడాది నిండేసరికి 15 శాతం తగ్గిస్తారు, నాలుగేళ్లు దాటితే సగం. ఆ సగం మొదటి ఓనరే భరించాడు.

మైలేజ్ ఊళ్లో 14, ఏసీ వేసుకుని హైవేలో 80 మీద వెళ్తే 19 వస్తోంది. డిక్కీ 341 లీటర్లు. రెండు బియ్యం బస్తాలు, అత్తయ్య వాకర్, కూరగాయల సంచులు పట్టాయి. మా సందు మలుపులో ఒక్కసారికే తిరుగుతుంది. టంగుటూరు టోల్ దాటి ఒంగోలు రిమ్స్ ఆసుపత్రికి నెలకి రెండుసార్లయినా వెళ్తాం, ఒక్కరోజూ ఇబ్బంది పడలేదు.

భద్రత సంగతి దాచకూడదు. కార్లని గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2019లో ఈ కారుకి ఐదుకి 2 స్టార్లు, నిబంధనలు గట్టి చేశాక 2023లో పెద్దవాళ్లకి 1 స్టారే వచ్చింది. అందుకే వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్ట్ పెట్టుకోవాల్సిందే, రాత్రిపూట హైవే ఎక్కం. రోజూ హైవే మీద వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లకి నేను దీన్ని కొనమని చెప్పను.

ఆ పెద్ద బండికి కట్టాల్సిన ఈఎంఐ కట్టినట్టే ప్రతినెలా 18,500 పక్కన పెట్టాం. నాలుగు నెలల డబ్బుతో 2024 ఎండాకాలంలో స్లాబుకి వాటర్‌ప్రూఫింగ్ అయింది. తర్వాతి పదకొండు నెలల డబ్బుతో అత్తయ్య గదికి ఆనుకుని బాత్రూం, వంటింట్లో చీమకుర్తి నల్లరాయి గట్టు. బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ ఏ ఎత్తులో కావాలో ఆవిడే గోడ మీద సుద్దముక్కతో గీత గీసి చూపించారు.

మా తమ్ముడిది కొండపి దగ్గర పల్లె, పొగాకు సేద్యం. 2024లో వేలంలో ధర బాగా పలికిందని 17 లక్షల ఏడు సీట్ల బండి తీసుకున్నాడు. ఇల్లు మాత్రం ఇప్పటికీ రేకులే. "అక్కా, ఇంటికి ఎవరొస్తారు, పెళ్లికి పోతే బండినేగా చూసేది" అన్నాడు. వాడి మాట అబద్ధమని అనలేను, మన ఊళ్లలో గౌరవం అలాగే కొలుస్తున్నారు. కానీ 2025లో పొగాకు ధర పడిపోయింది, ఈఎంఐ మాత్రం తగ్గలేదు. బ్యారన్ (పొగాకు కాల్చే కొట్టం) ఖర్చులకి అప్పు చేసి, ఆ అప్పులోంచే బండి వాయిదా కడుతున్నాడని మరదలు చెప్తే నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు కొనేవాళ్లకి ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తదాని ధరే దిగింది కాబట్టి పాత బండికి పాత రేటు చెప్తే ఒప్పుకోకండి.

2025 అక్టోబరులో మొంథా తుఫానుకి తమ్ముడు పిల్లల్ని, అమ్మని ఆ పెద్ద బండిలో ఎక్కించుకుని మా ఇంటికే వచ్చాడు. రెండు రాత్రులు ఉన్నారు. మొదటి రాత్రి వాన హోరుకి లేచి చూస్తే వాడు హాల్లో టార్చ్ వేసి స్లాబు మూలలు చూస్తున్నాడు. ఎక్కడా చెమ్మ లేదు. "ఏ మేస్త్రి అక్కా?" అన్నాడు. పొద్దున్నే నంబర్ ఇచ్చాను.