కార్క్ పిడికి సీలర్ పూయాలా, ఉత్తగా వదిలేయాలా?

సొంతంగా ఫిషింగ్ రాడ్ కట్టుకున్నారు, కార్క్ పిడిని 400 నంబరు శాండ్ పేపర్‌తో నున్నగా రుద్దారు. ఆ తర్వాతే ఈ సందేహం. సీలర్ అంటే తడి, మురికి లోపలికి ఇంకకుండా పైన పూసే ద్రవం.

ఖర్చు: ఉత్త కార్క్‌కి పైసా అక్కర్లేదు. సీలర్ చిన్న సీసా చాలా రాడ్లకు వస్తుంది.

పట్టు: అసలు తేడా ఇక్కడే. కార్క్ అంటే ఒక రకం ఓక్ చెట్టు బెరడు; లోపలంతా గాలి నిండిన సన్నటి గదులు. అందుకే చేతికి వెచ్చగా ఉంటుంది, తడిలోనూ జారదు. సీలర్‌ని గుడ్డతో పలచగా అద్ది తుడిచేస్తే ఆ గుణం చాలావరకు నిలుస్తుంది. నేను మొదటిసారి ఆత్రంగా మూడు పూతలు దట్టంగా వేశాను. పిడి ప్లాస్టిక్ గొట్టంలా మెరిసింది, తడి చేతిలో జారింది. మళ్లీ అంతా రుద్ది తీశాను.

మురికి: ఉత్త కార్క్ చెమట, చేప జిగురు పీల్చి నల్లబడుతుంది; గిన్నెల సబ్బుతో మెల్లగా కడగాలి. సీలర్ ఉంటే తడిగుడ్డ చాలు.

గుంటలు: కార్క్ పొడి, జిగురు కలిపి పూడ్చిన చోట్ల సీలర్ లేకపోతే ఆ ముద్ద క్రమంగా రాలుతుంది.

గుంటలు తక్కువున్న మేలురకం కార్క్, సొంత వాడకం అయితే వదిలేయండి. పూడ్చిన చవక కార్క్ అయినా, ఒకరికి కట్టిచ్చే రాడ్ అయినా ఒక్క పలుచటి పూత వేయండి.